పనసకొమ్మ మీద మావయ్య పేరు

శ్రీకాకుళం,
జూలై 1968

చి॥ తాయారుకు మావయ్య దీవెనలు.

మీ ఊరి నుంచి బస్సులో నిలబడే వచ్చాను. నిలబడ్డ సంగతి దిగేదాకా తెలియలేదు. నా మనసంతా మీ పెరట్లో, పోయిన కార్తీకం గాలివానకి విరిగిపడ్డ ఆ పనసకొమ్మ మీదే ఉంది. ఇన్నేళ్ళుగా హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెబుతున్నాను, ఆ కొమ్మ మీద మొలిచిన శిలీంధ్రం లాంటిది ఎన్నడూ చూడలేదు. చిటికెనవేలి గోరంత ఉంటుంది. కాడ లేదు. పైన తెల్లటి నూగు, కింద విసనకర్ర మడతల్లాంటి గులాబిరంగు గీతలు. ఎండ తగిలితే ముడుచుకుంటుంది, చినుకు పడితే విచ్చుకుంటుంది. మా పాఠ్యపుస్తకంలో లేదు. పాఠ్యపుస్తకంలో లేనిది లోకానికే కొత్తదై ఉండాలి కదా.

కొత్త జాతిని కనిపెట్టినవాడి పేరు దానికి పెట్టడం శాస్త్రజ్ఞుల్లో ఉన్నదే. నరసింగరావు గనక లాటిన్‌లో నరసింగియా అనో మరోటో వస్తుంది. నేను అడగను. వాళ్ళు పెడితే కాదనను. వాల్తేరులో ఒక ప్రొఫెసరు గారికి ఇవాళే రాశాను.

అంచేత ఆ కొమ్మని ఎవరూ కదపకూడదు. పొడిచోటికి మార్చకూడదు. బావగారి చేత మాట తీసుకున్నాను. దానితో నీకు వీణ చేయిస్తామన్నారని అక్క గుర్తుచేసింది. వీణలు బొబ్బిలిలో ఎప్పుడూ ఉంటాయమ్మా, ఇలాంటివి ఉండవు. నీ దస్తూరీ బాగుంటుంది గనక దాని ఎదుగుదల ఎప్పటికప్పుడు రాసి పంపు.

మావయ్య,
నరసింగరావు


నేరేడువలస, బొబ్బిలి దగ్గర,
జూలై 1968

మావయ్యకు తాయారు నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. మీ శిలీంధ్రం మాకన్నా బాగుంది. మీరు చూసినప్పుడు ఒక పక్కనే ఉంది, ఇప్పుడు కొమ్మ అడుగంతా పాకింది. ఎదుగుదల రాయమన్నారు, ఇదే ఎదుగుదల.

ఇక నా సంగతి కూడా రాయనివ్వండి. కాసే చెట్టు మీద ఈ ఊళ్ళో ఎవరూ గొడ్డలి పెట్టరు. నాన్న అసలే పెట్టడు. అందుకని నేను వీణ మొదలుపెట్టిన దగ్గర్నుంచి, "ఆ సెట్టు తనంతట తాను కొమ్మ ఇస్తే అది నీదే" అంటూ వచ్చాడు. పెద్దగాలి వీచినప్పుడల్లా నేను కిటికీ దగ్గర కూర్చుని ఆ చెట్టు వైపు చూసేదాన్ని. చెట్టు విరగాలని కోరుకోవడం పాపమని తెలుసు. అయినా చూసేదాన్ని. మొత్తానికి పోయిన కార్తీకంలో మనిషి నడుమంత లావు కొమ్మ పడింది.

మన వీణకి గుండ్రటి కుండా, పొడుగాటి దండీ అన్నీ ఒకే దుంగలోంచి రావాలి కదా, అందుకని వీణలు చేసే సోములు తాతని నాన్నే బొబ్బిలి నుంచి పిలిపించాడు. ఆయన కొమ్మని అరచేత్తో తట్టి, చెవి ఆనించి విన్నాడు. "పలుకుతాది తల్లీ. వానలు దిగకముందే పాకలోకి ఎత్తీయండి. ఆరిపోతే వచ్చే ఏడు సెక్కుతాను" అని వెళ్ళాడు. ఇవాళ ఎత్తుతాను, రేపు ఎత్తుతాను అని నాన్న అంటూ ఉండగానే వానలు దిగాయి, వెనకాలే మీరు దిగారు.

బొబ్బిలిలో టీచరు నారాయణమ్మ గారి వీణ మీద నేర్చుకుంటున్నాను. వచ్చే ఏడు వేసవి దాటాక ఆవిడ ఊరు విడిచి తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. వీణ ఆవిడతోనే పోతుంది. అప్పటికి నాకంటూ ఒకటి లేకపోతే నా చదువు అంతటితో సరి. కొమ్మ ఉండగా కొనడమేమిటని నాన్న ఒక్కటే మాట.

కొమ్మని ఎత్తుదామంటే నాన్న ఉరిమి చూశాడు. "మీ మావ సదువుకున్నోడు. మాటిచ్చీసినాను. దాని జోలికెళ్తే ఊరుకోను సూడు" అన్నాడు. ఇప్పుడు నులకమంచం తెచ్చి కొమ్మ పక్కనే వేసుకున్నాడు. మేకలు వస్తే లేస్తున్నాడు, నేను వస్తే లేస్తున్నాడు.

సన్నటి కొస మీరు ఉంచుకుని, లావు మొదలు నాకు ఇప్పించండి మావయ్యా. మీ శిలీంధ్రం కొసన కూడా బాగానే ఉంది.

మీ తాయారు


శ్రీకాకుళం,
ఆగస్టు 1968

చి॥ తాయారుకు దీవెనలు.

నీ ఉత్తరం మొదటి పేరా చాలా బాగుంది. మిగతాది చదువుతుంటే నువ్వింకా చిన్నపిల్లవనిపించింది. శిలీంధ్రాన్ని, అది మొలిచిన కర్రని విడదీస్తే తల్లినీ బిడ్డనీ విడదీసినట్టే. మొదలు నీకు, కొస నాకు అని పంచుకోవడానికి ఇదేమన్నా పనసకాయా? సంగీతం ఒక సాయంత్రం వినిపించి పోతుంది. శాస్త్రం నిలిచిపోతుంది.

కొమ్మ చుట్టూ కంచె వేయించమని బావగారికి విడిగా రాశాను. ఒక పలక మీద "తాకరాదు" అని అందంగా రాసిపెట్టు. నా పేరు చిన్న అక్షరాల్లో రాసినా చాలు.

మా హెడ్మాస్టరు గారు ఈ సంగతి విని లేచి నిలబడ్డారు. ఆయన భోజనానికి వెళ్ళే వేళ కూడా అయిందనుకో.

మావయ్య

తాయారూ, నేను లక్ష్మణమ్మ అత్తయ్యని. అంచున కాస్త చోటు మిగిలితే రాస్తున్నాను. ఇక్కడ పొయ్యిలో పుల్ల పెట్టాలన్నా మీ మావయ్య భూతద్దంతో చూసి ఇవ్వాలి. మొన్న మా కట్టెల మోపులోనూ అలాంటివే కనబడితే తీసుకెళ్ళి చూపించాను. అవి వేరే అన్నారు. మీ పెరట్లోంచి తెచ్చుకున్న ముక్క పక్కనే పెట్టి చూసినా నాకు తేడా తెలియలేదు.


నేరేడువలస,
సెప్టెంబరు 1968

మావయ్యకు నమస్కారాలు.

కంచె లేచింది. పలక రాశాను. మీ పేరు పెద్ద అక్షరాల్లోనే రాశాను, చిన్నవి వానకి చెరిగిపోతాయని.

ఊళ్ళో మన పరపతి పెరిగింది. సంతకి వెళ్ళేవాళ్ళు దారి తప్పి మా పెరట్లోకి వస్తున్నారు. నాన్న తుండుగుడ్డ భుజాన వేసుకుని కంచె పక్కన నిలబడి, "దీనికి మా బావమరిది పేరు ఎడతారట. సెట్టు నాది గనక నా పేరూ పడతాది" అని అందరికీ చెబుతున్నాడు. పొలంలో కలుపు ఎవరు తీస్తారని అమ్మ అడిగితే, కలుపు ప్రతి ఏడూ ఉంటాదన్నాడు. పంచాయతీ ప్రెసిడెంటు వచ్చి కొమ్మకి కొబ్బరికాయ కొట్టబోతే నేనే ఆపాను. నీళ్ళు పడితే శాస్త్రం చెడిపోతుందని చెప్పాను. ఆ మాట అనేటప్పటికి వాన జోరుగా పడుతోంది, అయినా ఆయన నమ్మాడు.

మీరు కోప్పడనంటే ఒక మాట. ఈ నెలలో నేనూ వెతకడం మొదలుపెట్టాను. మీ శిలీంధ్రం మా పశువులశాల వెనక మామిడి మోడు మీద ఉంది. విరిగిన బండి నొగ మీద ఉంది. సాలూరు లారీ గంగులు మన ఊరికి ఎరువు దింపడానికి వస్తాడే, అతని లారీ చెక్క మీద కూడా ఉంది. "ఇదా? ఒడిసా దాకా ఏ దుంగ సూసినా ఇదేనమ్మా" అన్నాడు గంగులు. నాన్న వినకుండా అతన్ని పక్కకి తీసుకెళ్ళాను.

ఇంకొక సంగతి. కొమ్మని నేను కూడా సోములు తాతలాగే తట్టి చూస్తున్నాను. మొదట్లో టంగుమనేది. ఇప్పుడు మెత్తగా మోగుతోంది. అది మొలుస్తున్నది కర్ర మీద కాదు మావయ్యా, కర్రని తిని మొలుస్తోంది. ఇంకా ఆలస్యం చేస్తే నాకు మిగలదు. నాకు భయంగా ఉంది. ఒక్క కార్డు ముక్క రాయండి, నాన్న ఎత్తించేస్తాడు.

తాయారు


శ్రీకాకుళం,
అక్టోబరు 1968

చి॥ తాయారుకు దీవెనలు.

నీ ఉత్తరం నాకు ఎంత ఆనందం కలిగించిందో చెప్పలేను. మన శిలీంధ్రం మామిడి మోడుకి, బండి నొగకి, లారీకి కూడా పాకిందన్నమాట! నేను చూసి మూడు నెలలు కాలేదు, అప్పుడే ఒడిసా దాకా వెళ్ళింది.

వాల్తేరు ప్రొఫెసరు గారు జవాబు ఇచ్చారు. చాలా పెద్దమనిషి. రెండే రెండు వాక్యాలు రాశారు. మంచు ఖండం తప్ప భూగోళం మీద అన్ని ఖండాల్లోనూ, పడిపోయిన గట్టి కర్ర ఎక్కడుంటే అక్కడ ఇది మొలుస్తుందట. ఇకమీద నమూనాలు పంపి శ్రమపడవద్దని కూడా నా మీద దయతో రాశారు. చూశావా, ప్రపంచమంతా ఆదరించిన శిలీంధ్రం మన నేరేడువలసని వెతుక్కుంటూ వచ్చింది! పేరు మాత్రం ఎవరో ముందే పెట్టేశారట. తొందరపాటు మనుషులు ఎక్కడైనా ఉంటారు.

ఈ సంగతి ఇక్కడి విజ్ఞాన వికాస సంఘం వారికి చెప్పాను. నేరేడువలసని వెతుక్కుంటూ వచ్చిందన్న సగమే చెప్పాను, అన్నిచోట్లా మొలుస్తుందన్న సగం వాళ్ళకి అర్థం కాదు. మాఘమాసంలో నాకు సన్మానం చేస్తామన్నారు. వద్దన్నాను. మళ్ళీ అడిగితే ఏం చెయ్యను, ఒప్పుకున్నాను. సభలో ఆ కొమ్మనే వేదిక మీద ప్రదర్శించాలి. అందాకా నువ్వు ఓపిక పట్టాలి.

మావయ్య


నేరేడువలస,
డిసెంబరు 1968

మావయ్యకు.

ఎదుగుదల రాయమన్నారు గనక రాస్తున్నాను. నిన్న కొమ్మ మొదట్లో గోరుతో నొక్కితే గోరు దిగింది.

తాయారు


శ్రీకాకుళం,
జనవరి 1969

చి॥ తాయారుకు దీవెనలు.

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఆరోగ్యం బాగుందా?

సభ వచ్చే ఆదివారం. విద్యాశాఖ పెద్ద అధికారి గారు వస్తున్నారు. సంఘాధ్యక్షులు రైసుమిల్లు యజమాని, షామియానా వారిదే. గంగులు లారీలో కొమ్మని గోనెపట్టాలో చుట్టి జాగ్రత్తగా పంపించండి. దాని మీద ఒక్కటి కూడా రాలకూడదు. సభ అయ్యాక కొమ్మ నీదే, నా మాట. అదే లారీలో తిరిగి వస్తుంది, వీణ చేయించుకో.

మావయ్య


నేరేడువలస,
జనవరి 1969

మావయ్యకు నమస్కారాలు.

కొమ్మ ఇవాళ లారీ ఎక్కింది. నాన్న దానితోపాటు వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. నేను బొబ్బిలి క్లాసు నుంచి తిరిగి వచ్చేసరికే గోనెపట్టా కట్టేసి ఉంది. నాన్న లారీ కోసం వెళ్తే అన్నీ అమ్మే చూసుకుంది. పుట్టింటికి పంపేటప్పుడు అమ్మ ఎంత శ్రద్ధగా పంపుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరగాయ జాడీ కూడా ఉంది, అత్తయ్యకి ఇవ్వండి.

తిరిగి వచ్చేటప్పుడు నేను బొబ్బిలిలో ఎక్కి, తిన్నగా సోములు తాత దగ్గరికి తీసుకెళ్తాను. మీరు మాట ఇచ్చారు.

తాయారు


శ్రీకాకుళం,
జనవరి 1969

చి॥ తాయారుకు దీవెనలు.

సభ దివ్యంగా జరిగింది. దివ్యంగా అని నేను ఎలా రాయగలుగుతున్నానో నాకే ఆశ్చర్యంగా ఉంది.

వేదిక మీద కొమ్మ మీద పట్టుగుడ్డ కప్పారు. ప్రార్థన అయింది. అధ్యక్షులు మాట్లాడారు, మిల్లు గురించి ఎక్కువ, నా గురించి తక్కువ. తర్వాత నేను లేచి ఒక్క అర నిమిషం ఆగి గుడ్డ తీశాను. పసుపు! మొదలు నుంచి కొస దాకా మెరుస్తున్న పసుపు, మధ్య మధ్య కుంకుమబొట్లు. శిలీంధ్రం అన్నది ఒక్కటి లేదు. నున్నగా తోమి ఉంది.

అధికారి గారు దగ్గరికి వచ్చి కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. "ఇంత బంగారు రంగు ఉంటుందనుకోలేదు" అన్నారు. అధ్యక్షులు వేలితో తాకి, ఆ వేలు జనానికి చూపించి, "సూడండి, సేతికి అంటుతోంది! పేణం ఉన్నట్టే ఉంది!" అన్నారు. చప్పట్లు ఆగలేదు. ఒక పెద్దమనిషి కుంకుమబొట్లు విత్తనాలా అని అడిగారు. సభామర్యాద దృష్ట్యా నేను తల ఊపాను. పత్రిక వారు "బంగారు శిలీంధ్రం" అని వేశారు, నా ఫోటో కొంచెం నల్లగా వచ్చింది.

అక్కని ఏమీ అనకు. ఎందుకు చేసిందో మాత్రం రాయి.

సన్మానం సంగతి. శాలువాలు అందరూ కప్పుతారు, బొబ్బిలి కొమ్మకి బొబ్బిలి వీణే తగిన గౌరవమని సంఘం వారు నిజమైన పెద్ద వీణ తెప్పించి ఇచ్చారు. దండి చివర ఏనుగుదంతపు పని చేసిన, సింహంలాంటి యాళి ముఖం. దాన్ని ముందుగదిలో గోడకి తగిలించాను. ఎవరూ ముట్టకుండా గుడ్డ తొడుగు కుట్టమని మీ అత్తయ్యతో చెప్పాను.

మావయ్య


నేరేడువలస,
ఫిబ్రవరి 1969

మావయ్యకు.

అమ్మని అడిగాను. "బూజు పట్టిన కర్రని మా తమ్ముడింటికి పంపుతానేటి? పదిమందీ సూసి నవ్వరా? కొబ్బరిపీచు ఎట్టి తోమీసినాను, పసుపు రాసినాను. తప్పేటి?" అంది. తప్పేమీ లేదని చెప్పాను. ఈ ఇంట్లో ఆ కొమ్మకి చేయవలసిన పని చేసింది అమ్మ ఒక్కతే. కాకపోతే వానలకి ముందు చేయాల్సింది.

బొబ్బిలిలో లారీ ఎక్కాను. సోములు తాత తట్టాడు, చెవి ఆనించాడు. మళ్ళీ తట్టాడు. రంపం పెట్టి మొదలు కోయించాడు. లోపల తడిసిన అటుకుల్లా ఉంది. చేత్తో పట్టుకుంటే రాలింది. "పలుకు పోయింది తల్లీ. వానాకాలమంతా నేలమీద ఎందుకు వదిలీసినారు?" అని అడిగాడు. నేను మీ పేరు చెప్పలేదు. చెబితే ఆ పుచ్చుకి మీ పేరు నిజంగానే ఉండిపోయేది.

ఇంటికి వచ్చేదాకా లారీలో ఏడుస్తూనే ఉన్నాను. నాన్న మంచం లోపలికి తెచ్చుకున్నాడు. కంచె పీకి పొయ్యిలో పెట్టాడు. నా ముఖం వైపు చూడడం లేదు.

మీ శిలీంధ్రం నా వీణని తినేసింది మావయ్యా. తిన్నందుకు మీకు వీణ ఇచ్చారు. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఈ మాట రాయకుండా నమస్కారాలని రాస్తే అబద్ధం అవుతుంది. ఎదుగుదల రాయడానికి ఇక్కడ ఇంకేమీ లేదు గనక ఇకమీద ఉత్తరాలు కూడా ఉండవు.

తాయారు


శ్రీకాకుళం,
ఏప్రిల్ 1969

చి॥ తాయారుకు దీవెనలు.

రెండు కార్డులు రాశాను, నీ జవాబు లేదు. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి. మామిడికాయ ఈసారి బాగా కాసింది. ఇంటికి వచ్చినవాళ్ళంతా వీణని మెచ్చుకుంటున్నారు. వాయించమని ఒకరిద్దరు అడిగారు. గొంతు బాగాలేదని చెప్పాను.

మావయ్య

తాయారూ, అత్తయ్యని. గొంతుకీ వీణకీ ఏమిటి సంబంధమని వచ్చినవాళ్ళు అడిగితే ఈయన దగ్గు మొదలుపెట్టారు. ఈమధ్య ముందుగదిలోంచి వెళ్ళేటప్పుడు గోడ వైపు చూడకుండా వీధి వైపు చూస్తూ నడుస్తున్నారు. నిన్న గుమ్మం తగిలింది. తొడుగు నేను కుట్టలేదు. కుట్టనని చెప్పాను.


శ్రీకాకుళం,
జూన్ 1969

చి॥ తాయారుకు మావయ్య దీవెనలు.

ఇది శాస్త్రసంబంధమైన ఉత్తరం. అందుచేత నీ కోపాన్ని కాసేపు పక్కన పెట్టి చదువు.

వానలు మొదలయ్యాక మా ముందుగదిలోని వీణ కుండ మీద అడుగుభాగాన ఒక తెల్లటి మచ్చ కనిపించింది. మినపగింజంత ఉంది. అది శిలీంధ్రం మొలకే అయి ఉంటుందని నా అనుమానం. పనసకర్ర గనక సందేహం లేదు. దీన్ని ఇక్కడ ఉంచడం ప్రమాదం. నేను ఆలోచించగా తేలింది ఏమిటంటే, తీగెలు మోగినప్పుడు కర్ర అంతా అదురుతుంది. అదురుతున్న కర్ర మీద శిలీంధ్రం నిలదొక్కుకోలేదు. అంచేత వీణని రోజూ ఉదయం, సాయంత్రం తప్పకుండా వాయించాలి. ఒక్కరోజు మానినా ప్రయోగం చెడిపోతుంది.

ఈ బాధ్యత మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. గంగులు లారీలో పంపుతున్నాను. టీచరు గారు ఊరు విడిచే లోపలే చేరాలని అతనికి గట్టిగా చెప్పాను. పొడిచోట ఉంచండి. నేల మీద పెట్టకండి.

సంఘం వారు అడిగితే పరిశోధనకి పంపానని చెబుతాను. అది నిజమే.

మావయ్య


నేరేడువలస,
జూలై 1969

మావయ్యకు తాయారు నమస్కారాలు.

వీణ చేరింది. టీచరు గారు వెళ్ళేముందు తానే శ్రుతి చేసి ఇచ్చి వెళ్ళారు. మీరు చెప్పిన తెల్లమచ్చని పరిశీలించాను. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. సున్నం మావయ్యా, మీ ముందుగది గోడది. ఈ సంగతి సంఘం వారికి చెప్పను. అయినా ప్రయోగం మీరు చెప్పినట్టే జరుగుతోంది. పొద్దున వాయించాను, ఏమీ మొలవలేదు. సాయంత్రం వాయించాను, ఏమీ మొలవలేదు. ఎన్నాళ్ళు సాగించాలో మీరు రాయలేదు. బతికినన్నాళ్ళూ అనుకుంటున్నాను.

వీణ దిగిన రోజే అమ్మ కొబ్బరిపీచు, పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. నాన్న గుమ్మానికి అడ్డం నిలబడిపోయాడు. "ఏటి తోమీస్తావు? దూరం పో!" అని అరిచాడు. ఇప్పుడు మంచం వీణ పక్కన వేసుకున్నాడు. మేకలు వస్తే లేస్తున్నాడు. నేను వస్తే మాత్రం కాళ్ళు ముడుచుకుని చోటిస్తున్నాడు.

మొన్న సాయంత్రం పెద్దగాలి వీచింది. పనసచెట్టు కిర్రుకిర్రుమంది. నేను వాయిస్తూనే ఉన్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

మీ తాయారు